రుజువు చేయాల్సింది ఎవరు?

(వ్యక్తి హక్కులు, ప్రభుత్వ పరిమితుల గురించి విశాఖపట్నంలో జరిగిన ఒక సభలో సివిల్ న్యాయవాది ఒకరు చేసిన ప్రసంగానికి, ఆ తర్వాతి ప్రశ్నోత్తరాలకు అక్షర రూపం.)

అధ్యక్షులవారికి, సభకు నమస్కారం.

నన్ను పరిచయం చేస్తూ అధ్యక్షులవారు "లిబర్టేరియన్", అంటే స్వేచ్ఛావాది అన్నారు. ఆ మాట వినగానే ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు అలవాటే. ఈ ఊళ్లో ఆ మాట వింటే పన్ను కట్టడం ఇష్టం లేని ఆసామి, కార్మిక సంఘం అంటే గిట్టని యజమాని గుర్తుకొస్తారు. ఉక్కు ఉద్యమం పుట్టిన నగరం కదా, "ప్రభుత్వం తగ్గాలి" అనేవాణ్ణి అనుమానంగానే చూస్తారు. చూడండి, అభ్యంతరం లేదు. డబ్బున్నవాడు ప్రభుత్వాన్ని ఎలాగోలా మచ్చిక చేసుకుంటాడు, ఆయన ఫైలుకు కాళ్లొస్తాయి. లేనివాడికి ఆ సౌకర్యం లేదు. ప్రభుత్వం తన జోలికి రాకుండా ఆపే చట్టం ఒక్కటే అతనికి దిక్కు. కాబట్టి ఈ భావన డబ్బున్నవాడికంటే లేనివాడికే ఎక్కువ అవసరమని నా నమ్మకం.

సిద్ధాంతం తర్వాత చెబుతాను. ముందు ఒక ఫైలు సంగతి. పేర్లు, సర్వే నంబర్లు చెప్పను.

మధురవాడ వైపు రెండు వందల గజాల స్థలం. కొన్నది ఒక చిన్న ఉద్యోగి. కొన్నాళ్లకు రిటైరయ్యారు, ఇద్దరు కొడుకులకూ సమంగా పంచాలంటే స్థలం అమ్మడమే మార్గమనుకున్నారు. బేరం కుదిరింది, అడ్వాన్సు ముట్టింది. కొనేవాళ్లను వెంటబెట్టుకుని రిజిస్ట్రేషన్‌కు వెళ్లారు. కంప్యూటర్‌లో సర్వే నంబరు కొట్టగానే నిషేధిత జాబితాలో ఉందని వచ్చింది. 22ఏ. ఈ సభలో సగం మందికి ఆ అంకె చెబితే చాలు, మిగతా కథ వాళ్లే చెప్పేస్తారు. (నవ్వులు)

తెలియనివారి కోసం చెబుతాను. 22ఏ అనేది రిజిస్ట్రేషన్ చట్టానికి మన రాష్ట్రం 2007లో తెచ్చిన సవరణ. ప్రభుత్వ భూములు, పేదలకు ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగ్ మిగులు భూములు అన్యాక్రాంతం కాకుండా వాటికి రిజిస్ట్రేషన్ ఆపేస్తారు. ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. విశాఖలో కొండలకు కొండలే చేతులు మారిన కథలు మీరు వినలేదా? కానీ మా కక్షిదారు విషయంలో జరిగింది వేరు. ఆ సర్వే నంబరులో కొన్ని ఎకరాలున్నాయి. అందులో కొంత భాగాన్ని ఎప్పుడో పట్టణ భూపరిమితి చట్టం కింద మిగులు భూమిగా రాసుకున్నారు. ఆ చట్టం 1976 నాటిది. పార్లమెంటు దాన్ని 1999లో రద్దు చేసింది, ఆ రద్దును మన రాష్ట్రం 2008లో స్వీకరించింది. చట్టం పోయింది, ఫైలు మిగిలింది. సబ్ డివిజన్ చేసే ఓపిక ఎవరికీ లేక నంబరు మొత్తాన్నీ జాబితాలో పడేశారు. నోటీసు ఇవ్వలేదు, విచారణ జరపలేదు. తన స్థలం తనది కాదన్న సంగతి ఆయనకు అమ్మబోయిన రోజునే తెలిసింది.

ఆయన కాగితాలన్నీ ఒక బట్టల కొట్టు సంచిలో తెచ్చి నా బల్ల మీద పరిచారు. రిజిస్టరు దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, స్థలం మీద లావాదేవీల చిట్టా అయిన ఈసీ, ఏటా కట్టిన ఖాళీ స్థలం పన్ను రసీదులు. ఒక్కొక్కటీ తీసి చూస్తుంటే నాకు నవ్వు, కోపం రెండూ వచ్చాయి. ఆయన కొన్న రోజున స్టాంపు డ్యూటీ పుచ్చుకున్నది ఈ ప్రభుత్వమే. దస్తావేజు వెనక ముద్ర ఈ శాఖదే. పన్ను వసూలు చేసుకున్నది ఇక్కడి కార్పొరేషనే. డబ్బు తీసుకునేటప్పుడు ఆ స్థలం ఆయనది, అమ్ముకునేటప్పుడు మాత్రం ప్రభుత్వానిది. ఇప్పుడు ఆయన తహసీల్దారు దగ్గర అర్జీ పెట్టాలి, అది ఆర్డీవోకు, అక్కణ్ణుంచి కలెక్టరేట్‌కు వెళ్లాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, పైన ఉత్తర్వు వచ్చాక కూడా కంప్యూటర్‌లో ఆ వరుస తొలగడానికి మళ్లీ తిరగాలి.

ఇందులో అసలు అన్యాయం ఆలస్యంలో ఉందని నేను అనుకోను. రుజువు చేసే భారం తలకిందులు కావడంలో ఉంది. సివిల్ కోర్టులో ఒక సూత్రం ఉంటుంది. ఎదుటివాడి స్వాధీనంలో ఉన్నది నాదని దావా వేసినవాడే దాన్ని రుజువు చేయాలి. పక్కింటివాడు ఈ స్థలం నాది అంటే కోర్టు వాడినే కాగితం చూపించమంటుంది. అదే మాట ప్రభుత్వం అంటే కాగితం మనం చూపించాలి. ప్రభుత్వం జాబితాలో ఒక వరుస చేరిస్తే చాలు.

నేను నమ్మే స్వేచ్ఛావాదం మొత్తాన్నీ ఈ ఒక్క ప్రశ్నలోంచి లాగవచ్చు. పౌరుడు మాట్లాడితే, కొంటే, అమ్మితే, గుమిగూడితే, దుకాణం తెరిస్తే, తలుపు వేసుకుని ఇంట్లో కూర్చుంటే సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. అందులో తలదూర్చాలనుకున్న ప్రభుత్వమే ఎందుకో చెప్పాలి, రుజువు చూపాలి, అదీ తనకు లోబడని ఒక న్యాయమూర్తి ముందు. పదిహేడో శతాబ్దంలో జాన్ లాక్ ప్రభుత్వం కంటే హక్కే ముందు పుట్టిందన్నాడు. హక్కుల్ని కాపాడటానికే జనం ప్రభుత్వాన్ని పెట్టుకున్నారని ఆయన వాదన. పంతొమ్మిదో శతాబ్దంలో జాన్ స్టూవర్ట్ మిల్ దానికి ఒక కొలత ఇచ్చాడు. ఇతరులకు హాని కలగకుండా ఆపడానికి తప్ప, నీ మంచి కోసమే అని చెప్పి నీ మీద బలప్రయోగం చేయకూడదు. 1970లలో హార్వర్డ్ తత్త్వవేత్త రాబర్ట్ నోజిక్ దాన్ని చివరిదాకా తీసుకెళ్లాడు. దౌర్జన్యం, దొంగతనం, మోసం నుంచి కాపాడటం, ఒప్పందాలు అమలు చేయించడం, అంతవరకే ప్రభుత్వం. అంతకు మించితే హక్కుల ఉల్లంఘనే అన్నాడు.

నోజిక్ వెంట నేను అంత దూరం నడవలేను. ఆరోగ్యశ్రీ కార్డు మీద గుండె ఆపరేషన్ చేయించుకుని బతికిన మనిషికి ఎదురుగా కూర్చుని, నీ ఆపరేషన్‌కు వాడిన పన్ను డబ్బు అక్రమమని చెప్పే ధైర్యం నాకు లేదు. ఉన్నవాళ్లు ఉంటే ఉండవచ్చు. నేను పట్టుబట్టేది రుజువు భారం దగ్గరే.

ఈ భావన పడమటి సరుకని ఎవరైనా అంటే మన్యం వైపు చూడమంటాను. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకోవడం నేరమైంది, తరతరాలుగా తిరిగిన అడవిలో కట్టెపుల్ల ఏరితే జరిమానా. దానికి తోడు చింతపల్లి రోడ్డు పనికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడిందంటే దాని వెనక ఈ కథంతా ఉంది. ఆ గిరిజనుల్లో ఎవరూ లాక్‌ను చదివి ఉండరు. మా అడవి ఎప్పటి నుంచి మీదైందన్నదే వాళ్ల ప్రశ్న. బల్ల మీద సంచి పెట్టిన మా కక్షిదారు ప్రశ్న కూడా అదే.

ఆస్తి హక్కు సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. రాజ్యాంగం వచ్చినప్పుడు అది ప్రాథమిక హక్కు. 1951లో మొదటి సవరణ తెచ్చి, జమీందారీ రద్దు చట్టాల్ని కోర్టులు కొట్టేయకుండా తొమ్మిదో షెడ్యూలు పెట్టారు. అప్పుడు అందులో 13 చట్టాలు, ఇప్పుడు 284. జమీందారీల రద్దును నేను సమర్థిస్తాను. ఇక్కడి ఎస్టేట్లు 1802లో కంపెనీవాళ్లు శాశ్వత సెటిల్‌మెంట్ కింద కట్టబెట్టినవి. బలవంతంగా ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం స్వేచ్ఛావాదానికి విరుద్ధం కాదు, నోజిక్ కూడా ఒప్పుకుంటాడు. కానీ ఆ తలుపు ఒకసారి తీశాక మూసినవాళ్లు లేరు. 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల జాబితాలోంచే పోయింది. 300ఏ అధికరణం కింద మామూలు రాజ్యాంగ హక్కుగా మిగిలింది. గురి పెట్టింది జమీందార్ల మీద, దెబ్బ తగిలింది రెండు వందల గజాలవాడికి. ప్రాథమిక హక్కు అయితే నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టవచ్చు. ఇప్పుడు ఆ దారి లేదు.

మొన్నమొన్నటి భూహక్కుల చట్టం కూడా చెప్పాలి కదా. 2023 అక్టోబరు నుంచి అమల్లోకి తెచ్చారు, ఎన్నికలయ్యాక 2024లో రద్దు చేశారు. రాష్ట్రమంతా న్యాయవాదులు కోర్టులు బహిష్కరించారు. మాలో చాలామంది ఆ చట్టంలో ప్రతి అక్షరాన్నీ తిట్టారు. నా మాట వేరు. ప్రభుత్వమే హక్కుకు హామీ ఇచ్చే పద్ధతి 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో మొదలైంది, అక్కడ చక్కగా నడిచింది. భూమి ఎవరిదో స్పష్టంగా తేలితే చిన్న రైతుకు అప్పు పుడుతుంది, కబ్జాదారుకు పని తగ్గుతుంది. నా అభ్యంతరం ఒక్కటే. వివాదం వస్తే సివిల్ కోర్టుకు వెళ్లకుండా ప్రభుత్వం నియమించిన అధికారి దగ్గరికి వెళ్లమన్నారు. ప్రభుత్వమే ప్రతివాది అయిన కేసులో ప్రభుత్వ ఉద్యోగే తీర్పరి అయితే ఎలా? నిరసన సరైనదే, కానీ ఆ హోరులో మంచి సగం కూడా కొట్టుకుపోయింది.

ఇక మనిషి మీదకు వద్దాం. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుగారి పేరు న్యాయవాదులకు తప్ప ఎక్కువమందికి గుర్తులేదు. ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి. 1962లో ఆయన ముందుకు ఖరక్ సింగ్ కేసు వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో ఒక మనిషిని దోపిడీ కేసులో పట్టుకున్నారు, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలారన్న మాటే కానీ పోలీసులు ఆయన పేరిట హిస్టరీ షీట్ తెరిచారు. రాత్రిళ్లు కానిస్టేబుళ్లు వచ్చి తలుపు కొట్టి నిద్రలేపి, ఇంట్లోనే ఉన్నాడా లేడా అని చూసిపోయేవారు. ఎటు వెళ్లాలన్నా ముందుగా చెప్పాలి, వెంట నిఘా. ఇందుకు చట్టసభ చేసిన చట్టం ఏదీ లేదు, పోలీసు శాఖ తానే రాసుకున్న నిబంధనలు ఉన్నాయి.

ఆరుగురు న్యాయమూర్తుల్లో నలుగురు ఏమన్నారంటే, రాత్రి తలుపు కొట్టడం తప్పే, మిగతా నిఘా ఫరవాలేదు, గోప్యత అనేది రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదు. సుబ్బారావుగారు విడిగా తీర్పు రాశారు, జస్టిస్ షా ఆయనతో కలిశారు. రాజ్యాంగంలో గోప్యత అన్న మాట లేకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో అది విడదీయరాని భాగమని, మనిషి కదలికలన్నిటినీ కనిపెట్టి ఉంటే అతను స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదని ఆయన అభిప్రాయం. ఎంత సూక్ష్మంగా చూశారో గమనించండి. సంకెళ్లు లేవు కాబట్టి స్వేచ్ఛ ఉందనే వాదనను ఆయన ఒప్పుకోలేదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు, ఆనాటి మెజారిటీ తీర్పును పక్కన పెట్టి సుబ్బారావుగారి మాటే ఖాయం చేశారు. ఆయన మైనారిటీలో ఉండి చెప్పింది దేశం ఒప్పుకోవడానికి యాభై ఏళ్లు దాటింది.

అయినా ఈ ఊళ్లో రౌడీషీట్ తెరిచిన ప్రతివాణ్ణీ ఆదివారం ఉదయం స్టేషన్‌కు పిలిపించి వరసలో నిలబెట్టి కౌన్సెలింగ్ ఇచ్చే పద్ధతి మీకు తెలిసిందే, పేపర్లో ఫొటోలు కూడా వేస్తారు. వాళ్లలో దుర్మార్గులు ఉంటారు, నేను కాదనను. దుర్మార్గుడైతే కేసు పెట్టండి, రుజువు చేయండి, శిక్ష వేయించండి. రుజువు చేయలేని చోట ఫొటో తీయడం న్యాయం ఎలా అవుతుంది?

మాట్లాడే హక్కు గురించి ఒకటి చెప్పి ముందుకెళతాను. 1950లో మద్రాసు ప్రభుత్వం ఒక వామపక్ష పత్రికను రాష్ట్రంలోకి రానివ్వలేదు. విశాఖ కూడా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోదే, అంటే ఆ నిషేధం మనకూ వర్తించింది. సంపాదకుడు రమేశ్ థాపర్ సుప్రీంకోర్టుకు వెళ్లి గెలిచాడు. ఏడాది దాటగానే ప్రభుత్వం రాజ్యాంగాన్నే సవరించి వాక్ స్వాతంత్ర్యం మీద ఆంక్షలు పెంచింది. 1950లోనే ఎ.కె. గోపాలన్ అనే కమ్యూనిస్టు నాయకుడు విచారణ లేని నిర్బంధాన్ని సవాలు చేసి ఓడిపోయారు. ప్రభుత్వానికి హద్దు గీయమని ఈ దేశంలో మొదట కోర్టుకెక్కినవాళ్లలో ఎర్రజెండావాళ్లున్నారు. మన వామపక్ష మిత్రులు ఇది మరిచిపోతారు, మావాళ్లూ మరిచిపోతారు.

2023 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 1 కూడా ఆ బాపతే. కందుకూరులో, గుంటూరులో తొక్కిసలాటలు జరిగి జనం చనిపోయారు, నిజమే. దానికి మందుగా రోడ్ల మీద సభలూ ర్యాలీలూ వద్దన్నారు, అరుదైన సందర్భాల్లో అనుమతి తీసుకోమన్నారు. ఆధారం ఏ చట్టమో తెలుసా? 1861 నాటి పోలీసు చట్టం. సిపాయిల తిరుగుబాటు లేచిన నాలుగేళ్లకు తెల్లవాడు రాసుకున్నది. 2023 మేలో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అది తెచ్చిన పార్టీ ఇప్పుడు ప్రతిపక్షంలో ఉండి సభలకు అనుమతి ఇవ్వడం లేదంటుంది. ఇప్పుడు అధికారంలో ఉన్న పార్టీ ఆనాడు ఆ మాటే అంది. అధికారాన్ని ఇచ్చేటప్పుడు మనకు గిట్టనివాడి చేతిలో అది ఎలా ఉంటుందో ఊహించుకుని ఇవ్వమని ఆర్థికవేత్త హయెక్ వంటివాళ్లు మొత్తుకున్నది ఇందుకే.

ఇప్పుడు మీరు నన్ను నిలదీయాల్సిన చోటికి నేనే వస్తాను. ప్రభుత్వం తగ్గాలంటావు, మరి ఆర్.ఆర్. వెంకటాపురం?

2020 మే 7, తెల్లవారుజాము. లాక్‌డౌన్‌లో మూతపడి, తిరిగి తెరవబోతున్న ఎల్జీ పాలిమర్స్ ప్లాంటులో ట్యాంకు నుంచి స్టైరిన్ ఆవిరి బయటికొచ్చి నిద్రలో ఉన్న ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. పరిగెత్తుతూ రోడ్డు మీద కుప్పకూలినవాళ్ల వీడియోలు మీరంతా చూశారు. సైరన్ మోగలేదు. సరైన పర్యావరణ అనుమతి లేకుండానే ఆ ప్లాంటు నడిచిందని యాజమాన్యమే అంతకు ముందు ఏడాది అఫిడవిట్‌లో ఒప్పుకుంది. అనుమతి లేదని కాగితం మీద రాసి ఇచ్చాక కూడా ఏ శాఖా కదలలేదు.

దీన్ని చూపించి, నియంత్రణ ఇంకా పెరగాలి అంటారు. నేను చదివేది ఇలా. పక్కవాడి ఊపిరితిత్తుల్లోకి విషం పంపే హక్కు ఎవరికీ లేదు, ఇది స్వేచ్ఛావాదంలో మొదటి పాఠం. మిల్ కొలతకు ఇంతకంటే సూటిగా సరిపోయే కేసు ఉండదు. ఇక్కడ రుజువు భారం కర్మాగారం మీద ఉండాలి. ఊరి పక్కన వందల టన్నుల రసాయనం నిల్వ చేసుకునేవాడే అది సురక్షితమని రుజువు చేసుకోవాలి, ప్రమాదం జరిగితే తప్పెవరిదని అడగకుండా పూర్తి పరిహారం కట్టాలి. మన సుప్రీంకోర్టు 1986లో ఢిల్లీ ఓలియం వాయువు కేసులో సంపూర్ణ బాధ్యత అన్న సూత్రాన్ని అందుకే తెచ్చింది. టిఫిన్ సెంటర్ బోర్డు సైజు కొలవడానికి మనిషి ఉన్న ప్రభుత్వానికి ట్యాంకు ఉష్ణోగ్రత చూడటానికి మనిషి లేడు. ఇంకోటి. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ఇచ్చింది రాష్ట్ర ప్రభుత్వం. ఇవ్వడం మానవత్వమే, కాదనను. కానీ ఆ డబ్బు మీది, నాది. హాని చేసినవాడి జేబులోంచి రావాల్సిన మొదటి రూపాయి హాని పొందినవాడి పొరుగువాడి పన్నులోంచి వచ్చింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు డిపాజిట్ చేయమని కంపెనీని ఆదేశించింది. అది సరైన దిశ.

హెల్మెట్ గురించి అడుగుతారని తెలుసు, ప్రతి సభలోనూ అడుగుతారు. నా తల నాది కాబట్టి చలానా వేయకూడదని సిద్ధాంతం చెబుతుంది. నేను హెల్మెట్ పెట్టుకునే తిరుగుతాను, చలానాను సమర్థించను, ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఈ వాదన ట్రాఫిక్ కానిస్టేబుల్‌తో చేయను. (నవ్వులు) ముందుకెళదాం.

నాకు నిజంగా కష్టమైన కేసు ఒకటి ఉంది, అనంతగిరి మండలానిది. బొర్రా గుహల చుట్టుపక్కల గిరిజన ప్రాంతంలోని భూముల్ని ప్రభుత్వం ప్రైవేటు గనుల సంస్థలకు లీజుకిచ్చింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు వెళ్లకూడదు. ప్రభుత్వం ఏమందంటే, ఆ నిషేధం మనుషులకు, మాకు కాదు. సమత అనే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997లో వచ్చిన తీర్పు ప్రకారం ఆ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుంది, లీజులు చెల్లవు. పౌరుణ్ణి కట్టేసిన తాడు ప్రభుత్వాన్నీ కట్టేస్తుందన్న ఈ తీర్పు విన్నప్పుడల్లా నాకు సంతోషమే.

కష్టం ఎక్కడంటే, అదే నిబంధన గిరిజనుణ్ణి కూడా కట్టేస్తుంది. తన భూమిని తనకు నచ్చినవాడికి అమ్ముకోలేడు. పుస్తకం తెరిచి చూస్తే ఇది ఆస్తి హక్కు మీద ఆంక్షే. కానీ ఉప్పుకూ బట్టకూ అప్పిచ్చి, తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని పొలం రాయించుకున్న షావుకార్ల చరిత్ర ఏజెన్సీ అంతటా ఉంది. వేలిముద్ర వేసిన మనిషికి ఆ కాగితంలో ఏముందో తెలియనప్పుడు దాన్ని స్వేచ్ఛగా చేసుకున్న ఒప్పందం అనలేను. కాబట్టి ఈ విషయంలో నేను పుస్తకం పక్కన నిలబడను, నిబంధన పక్కనే నిలబడతాను. ఒప్పందంలో మోసం ఉండకూడదన్నది కూడా ఆ పుస్తకంలోదే అని నా సమర్థన. మీకు నచ్చకపోతే ప్రశ్నల్లో అడగండి.

చివరగా ఒక చిన్న చరిత్ర. ఈ ఆలోచనకు మన ప్రాంతంలో అభిమానులు ఉండేవారు. 1959లో రాజాజీ స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు దానికి తొలి అధ్యక్షుడు నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా. 1967లో ఆ పార్టీకి లోక్‌సభలో 44 స్థానాలొచ్చాయి, రంగాగారు శ్రీకాకుళం ప్రతినిధిగా సభలో ఉన్నారు. సహకార సేద్యం పేరుతో రైతు పొలాన్ని ప్రభుత్వం కలిపేసుకుంటుందన్న భయం వాళ్లను కదిలించింది. పెర్మిట్లు, లైసెన్సుల రాజ్యం అని వాళ్లు తిట్టినదాన్ని 1991లో పి.వి. నరసింహారావుగారి ప్రభుత్వం 18 పరిశ్రమలు మినహా ఎత్తేసింది. కర్మాగారం పెట్టేవాడికి లైసెన్సు పోయింది. తోపుడుబండివాడికి పోలేదు. సంస్కరణల మీద నా ఫిర్యాదు అదే.

ఇక మీరు అడగండి.

ప్రశ్న: విశాఖ ఉక్కును అమ్మాలా, వద్దా? సూటిగా చెప్పండి.

ఈ ప్రశ్న రాకుండా ఈ ఊళ్లో సభ ముగియదు. 1966లో ఆ కర్మాగారం కోసం ప్రాణాలిచ్చిన ఊరిది, ఆ ఉద్యమాన్ని చిన్నబుచ్చే మాట నా నోట రాదు. ప్రభుత్వం ఉక్కు చేయాల్సిన అవసరం ఉందా అంటే, లేదని నా అభిప్రాయం. కానీ 2021 జనవరిలో నూరు శాతం అమ్మేస్తామన్నప్పుడు కూడా నేను చప్పట్లు కొట్టలేదు. ఆ వేల ఎకరాలు ఎవరివి? 1894 నాటి బ్రిటిష్ భూసేకరణ చట్టం కింద రైతుల ఇష్టాయిష్టాలతో పని లేకుండా తీసుకున్నవి. నిర్వాసితుల్లో ఆర్ కార్డులు, అంటే పునరావాస కార్డులు పట్టుకుని ఇప్పటికీ ఉద్యోగం కోసం తిరిగేవాళ్లున్నారు. ప్రజా ప్రయోజనం అని బలవంతంగా తీసుకున్న భూమిని ఆ ప్రయోజనం తీరిపోయిందని ఇంకొకరికి అమ్ముకుంటే మధ్యలో ప్రభుత్వం చేసింది రియల్ ఎస్టేట్ వ్యాపారం అవుతుంది. 2013 భూసేకరణ చట్టంలో 101వ సెక్షన్ అయిదేళ్లు వాడకుండా ఉంచిన భూమిని అసలు యజమానికి గానీ ప్రభుత్వ భూనిధికి గానీ ఇవ్వమంటుంది. "గానీ" అని వదలకుండా యజమానికే అని రాయాల్సింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది కాబట్టి అమ్మకం మాట ప్రస్తుతానికి వినిపించదు. మళ్లీ వినిపించిన రోజున మొదటి హక్కు ఆ రైతుల వారసులదని నేను వాదిస్తాను. కార్మికులు, యాజమాన్యం, కొనేవాడు, అందరూ ఆ తర్వాతే. ఈ జవాబు ఈ గదిలో ఎవరికీ నచ్చదని తెలుసు.

ప్రశ్న: మీరు ప్రభుత్వాన్ని చూసి భయపడుతున్నారు. మా పల్లెల్లో మమ్మల్ని మంచినీళ్ల బావి దగ్గరికి రానివ్వనిది ప్రభుత్వం కాదు, ఊరు. ప్రభుత్వం తగ్గితే ఎవరి చేతిలో పడాలి మేము?

ఈ ప్రశ్నకు అమెరికా స్వేచ్ఛావాదుల దగ్గర మంచి జవాబు లేదు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చినప్పుడు సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్, హోటలు యజమాని తనకు నచ్చనివాణ్ణి రానివ్వకపోవడం అతని ఆస్తి హక్కు అనే ధోరణిలో దాన్ని వ్యతిరేకించాడు. నేను ఆ పక్షం కాదు. అంబేడ్కర్‌కు పల్లె మీద ఉన్న భయం అనుభవంలోంచి వచ్చింది. 17వ అధికరణం, 15వ అధికరణంలోని రెండో భాగం ప్రైవేటు మనుషులకూ వర్తించేలా రాయించారంటే అందుకే. అంటరానితనం వెనక ఎప్పుడూ కర్ర ఉంది. బావి దగ్గరికి వస్తే కొడతారు, పనికి పిలవరు, ఇల్లు తగలబెడతారు. కారంచేడు, చుండూరు మనకు దూరం కాదు. బలప్రయోగం నుంచి కాపాడటమే ప్రభుత్వానికి మొదటి పని అని నమ్మేవాడు ఈ చోట ప్రభుత్వం తగ్గాలని అనకూడదు. అన్నవాడికి తన సిద్ధాంతం అర్థం కాలేదు. మీతో ఒక్కటే మనవి. ఆ ప్రభుత్వం చాలాసార్లు ఊరి పెద్దల చేతిలోనే ఉంటుంది. ఎస్సై వాళ్ల మనిషి, తహసీల్దారు వాళ్ల మనిషి. అందుకే ప్రభుత్వాన్ని ప్రశ్నించే హక్కు మీకు నాకంటే ఎక్కువ అవసరం.

ప్రశ్న (ఒక మహిళ): బాబూ, ఇవన్నీ నాకు తెలియవు. నేను పళ్లబండి పెట్టుకుంటాను. మొన్న బండి ఎత్తుకుపోయారు. నేనేం చేయాలి?

అమ్మా, మీకు ధర్మం కాదు, చట్టమే ఉంది. వీధుల్లో అమ్ముకోవడం వ్యాపార హక్కు కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. దాని ప్రకారం సర్వే పూర్తిచేసి అందరికీ ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. వేరే చోటికి మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నగర వీధి వ్యాపారుల కమిటీలో నూటికి 40 మందికి తక్కువ కాకుండా మీవాళ్లే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. మీకు నోటీసు ఇచ్చారా?

(మహిళ: ఇవ్వలేదు బాబూ.)

సరుకు ఏమేం తీసుకెళ్లారో జాబితా రాసి ఇచ్చారా?

(మహిళ: ఏ కాగితమూ ఇవ్వలేదు.)

సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి, సంతకం పెట్టి మీ చేతికి ఇవ్వాలి. పళ్ల వంటి పాడైపోయే సరుకైతే మీరు అడిగిన రోజే తిరిగి ఇవ్వాలి. మిగతావి, బండి, తూకం రాళ్లు వంటివి రెండు పనిదినాల్లో ఇవ్వాలి. రేపు ఉదయం ఒక తెల్లకాగితం మీద ఏ రోజు, ఏ వేళకు, ఎక్కడ, ఏమేం తీసుకెళ్లారో రాయించండి, రెండు కాపీలు. ఒకటి వాళ్లకివ్వండి, రెండో దాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే అదే కాగితాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. రాసేవాళ్లు లేకపోతే సభ అయ్యాక ఇక్కడే ఉండండి, నేను రాసిపెడతాను. అప్పటి దాకా జరిమానా పేరుతో ఎవరు అడిగినా రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి.

అధ్యక్షా, ఇంకెవరైనా ఉన్నారా? లేకపోతే నేను అమ్మగారి కాగితం పని చూస్తాను.